తరిగిపోతున్న బుల్‌బుల్ గానం

మన ఇళ్ళలో బుల్‌బుల్ అనే మాట తెలియని పిల్లలు ఉండరు. క్షణం ఆగకుండా కబుర్లు చెప్పే చిన్నారిని దాదీమాలు, నానీమాలు ‘మా బుల్‌బుల్’ అని దగ్గరకు తీసుకుంటారు. ఉర్దూ గజల్ సంప్రదాయంలో గులాబీ ఉన్న చోట బుల్‌బుల్ ఉండి తీరుతుంది. అరబ్బీలో దీనిని అందలీబ్ అంటారు. ఆ పేరును ఎందరో తల్లిదండ్రులు తమ సంతానానికి పెట్టుకున్నారు. ఫారసీ భాషలో దీనికి ‘హజార్ దాస్తాన్’ అనే మరో పేరు ఉంది. వేయి కథలు చెప్పేది అని దాని అర్థం. 1879లో హైదరాబాదులో జన్మించిన సరోజినీ నాయుడును ఉర్దూవారు ‘బుల్‌బులె హింద్’ అన్నారు. తెలుగువారు ‘భారత కోకిల’ అన్నారు. ఇంగ్లీషువారు ‘నైటింగేల్ ఆఫ్ ఇండియా’ అన్నారు.

ఒకే వ్యక్తికి ఇచ్చిన ఈ మూడు బిరుదుల వెనుక నిజానికి మూడు వేర్వేరు పక్షులు ఉన్నాయి. మన పెరటి మామిడిచెట్టు మీద కూసే కోకిల ఒకటి. తోక అడుగున ఎర్రటి మచ్చతో, తలపై చిన్న జుట్టుతో, జామచెట్ల మధ్య తిరిగే మన పిగిలిపిట్ట మరొకటి. హిందుస్తానీలో బుల్‌బుల్ అని పిలుస్తున్నది దీనినే. ఇది ఏడాది పొడవునా మన మధ్యనే నివసిస్తుంది. కానీ ఇరాన్ కవులు పాడిన బుల్‌బుల్ ఇది కాదు. ఆ బుల్‌బుల్, ఇంగ్లీషువారి నైటింగేల్ ఒకే పక్షి. అది ఐరోపాలోను, పశ్చిమాసియా, మధ్య ఆసియాలలోను వసంతం గడిపి, చలికాలానికి ఆఫ్రికా ఖండానికి తరలిపోయే వలస పక్షి. మన దేశానికి అది శీతాకాలపు అతిథి కూడా కాదు. అంటే మనం తరతరాలుగా పేరుతో పిలుస్తూ, ప్రేమిస్తూ వచ్చిన ఆ గాయకుని గొంతును మనలో చాలామంది ప్రత్యక్షంగా విననే లేదు.

ఆ పక్షి ఇంగ్లండులో కనుమరుగవుతోంది. ఈ నెల ఈ శీర్షికలో మేము ఆ సంగతినే పాఠకుల ముందుంచదలచాము. దూరదేశపు పిట్ట గురించి మనకెందుకు అనే ప్రశ్నకు సమాధానం వ్యాసం చివరికి వచ్చేసరికి దానంతట అదే దొరుకుతుందని మా నమ్మకం.

చూపుకు సామాన్యం, గొంతుకు అసామాన్యం

నైటింగేల్‌ను మొదటిసారి చూసినవారు కొంత నిరాశ చెందుతారు. పిడికెడు పక్షి. పొడవు పదహారు సెంటీమీటర్లు, బరువు సుమారు ఇరవై గ్రాములు. ఒళ్ళంతా మట్టిరంగు, తోక మాత్రం కొంచెం ఎరుపు. ఆడ, మగ పక్షుల మధ్య రంగులో తేడా లేదు. పైగా అది దట్టమైన పొద లోపలే ఉంటుంది. గూడు కూడా నేలకు అతి సమీపంలో, ఎండుటాకులతో, పైనుండి చూసేవారికి ఆనవాలు దొరకని విధంగా కట్టుకుంటుంది. పురుగులు, చీమలు, పేడపురుగుల వంటి నేలమీది చిరుప్రాణులే దాని ఆహారం.

గొంతు విషయానికి వస్తే దానికి సాటి వచ్చే పక్షులు బహు కొద్ది. బెర్లిన్ నగరంలో పరిశోధకులు ఒక్కొక్క మగ పక్షి పాటలను రికార్డు చేసి విడదీసి చూడగా, సగటున ఒక పక్షి వద్ద సుమారు 180 రకాల పాటలు ఉన్నట్లు తేలింది. వేయి కథలు అన్న ఫారసీవారి మాటలో అతిశయోక్తి కొంతే అన్నమాట. నగరపు రణగొణ ధ్వని ఎక్కువగా ఉన్న చోట నైటింగేళ్ళు గొంతు పెంచి పాడుతున్నాయని కూడా అక్కడే కనుగొన్నారు.

అది రాత్రివేళ పాడటానికీ ఒక కారణం ఉంది. మగ పక్షులు ఏప్రిల్ మధ్యలో ముందుగా ఇంగ్లండు చేరుకుని చోటు చూసుకుంటాయి. ఆడ పక్షులు కొన్ని రోజుల తరువాత చీకట్లో ప్రయాణించి వస్తాయి. లోకం సద్దుమణిగిన ఆ వేళలో, నేను ఇక్కడ ఉన్నాను, ఈ పొద బాగుంది అని ఆకాశంలో వెళ్తున్న వారికి తెలియజేయటమే ఆ గానం. జంట కుదిరిన మగ పక్షి రాత్రి పాటను చాలావరకు మానివేస్తుంది. అయితే ఫజ్ర్ వేళకు కొంచెం అటూ ఇటూ, తూర్పు తెల్లబారే సమయంలో, జంట కుదిరినవీ కుదరనివీ అన్నీ కలిసి గొంతెత్తుతాయి. జూన్ మొదటి వారాలకు పాట ముగుస్తుంది. జూలై, ఆగస్టులలో అవి తిరుగు ప్రయాణం కడతాయి.

ఈ పాట ఇంగ్లండు ప్రజల జీవితంలో ఎంతగా కలిసిపోయిందో చెప్పటానికి ఒక్క ఉదాహరణ చాలు. 1924 మే 19న బి.బి.సి. రేడియో సర్రే జిల్లాలోని ఆక్స్‌టెడ్ గ్రామం నుండి, చెలో వాద్యకారిణి బియాట్రిస్ హారిసన్ ఇంటి తోటలో ధ్వనియంత్రాలు అమర్చి, నైటింగేల్ కోసం ఒక రాత్రి ప్రసారాన్ని నేరుగా నిర్వహించింది. శ్రోతల స్పందన వెల్లువెత్తింది. ఆ కార్యక్రమం ప్రతి వసంతంలోను కొనసాగింది. 1942 మే నెలలో అదే తోటలో ప్రసారానికి అంతా సిద్ధమై ఉండగా, పక్షి పాటతో పాటు జర్మనీ మీదికి వెళ్తున్న బాంబర్ విమానాల ఘోష కూడా వినిపించసాగింది. శత్రువుకు సమాచారం అందుతుందన్న భయంతో ప్రసారం ఆపివేశారు. రికార్డింగు మాత్రం మిగిలింది. విమానాల హోరులోనూ ఆ చిన్ని గొంతు పాడుతూనే ఉండటం అందులో నేటికీ వినవచ్చు.

లెక్కలు చెబుతున్నదేమిటి?

యుద్ధానికి తట్టుకున్న గొంతు శాంతికాలంలో తగ్గిపోయింది. బ్రిటిష్ ట్రస్ట్ ఫర్ ఆర్నిథాలజీ అనే సంస్థ స్వచ్ఛంద కార్యకర్తల సహాయంతో దశాబ్దాలుగా పక్షుల లెక్క తీస్తోంది. ఆ లెక్కల ప్రకారం 1960ల చివరి నుండి సుమారు నలభై ఏళ్ళలో ఇంగ్లండులో నైటింగేళ్ళ సంఖ్య దాదాపు 90 శాతం పడిపోయింది. 2012లో జరిపిన దేశవ్యాప్త సర్వేలో పాడే మగ పక్షులు సుమారు 5,500 మాత్రమే ఉన్నట్లు అంచనా వేశారు. అవి కూడా కెంట్, ససెక్స్, ఎసెక్స్, సఫోక్ వంటి ఆగ్నేయ జిల్లాలలోనే అధికం. పశ్చిమాన, ఉత్తరాన ఒకప్పుడు అవి పలికిన ఎన్నో ఊళ్ళలో ఇప్పుడు నిశ్శబ్దమే. 2015లో ఈ పక్షిని ఆ దేశపు ఎర్ర జాబితాలో, అంటే అత్యంత ఆందోళన కలిగించే పక్షుల వరుసలో చేర్చారు.

ఇక్కడ ఒక విషయాన్ని స్పష్టం చేయాలి. ప్రపంచం మొత్తం మీద నైటింగేల్ అంతరించే ప్రమాదంలో లేదు. స్పెయిన్, ఫ్రాన్స్, ఇటలీ మొదలుకొని మధ్య ఆసియా వరకు అవి లక్షల సంఖ్యలో ఉన్నాయి. ఇంగ్లండు ఆ విశాల సామ్రాజ్యానికి వాయవ్య సరిహద్దు మాత్రమే. సరిహద్దున ఉన్నవి ముందుగా దెబ్బతినటం సహజమే కదా అని సరిపెట్టుకోవచ్చు. కానీ భూమి వేడెక్కుతున్న ఈ కాలంలో, వెచ్చదనం కోరే ఈ పక్షి ఉత్తరానికి విస్తరించాలి. అందుకు విరుద్ధంగా అది ఆగ్నేయ మూలకు కుంచించుకుపోతోంది. కాబట్టి కారణం మరెక్కడో ఉంది.

మొదటి అనుమానం: గొడ్డలి ఆగిపోవటం

అడవులు నరికినందువల్ల పక్షులు పోయాయి అనే మాట మనకు అలవాటు. ఇంగ్లండు నైటింగేల్ కథ దీనికి తలక్రిందులు. అక్కడ అడవిని నరకటం మానినందువల్లనే అది చాలా చోట్ల ఇల్లు కోల్పోయింది.

మన రైతులు జామాయిల్ తోటను మొదలంటా నరికితే మోడు నుండి గుత్తులుగా పిలకలు వస్తాయి. కొన్నేళ్ళకు మళ్ళీ నరుకుతారు. ఇంగ్లండులో శతాబ్దాల తరబడి హేజెల్ వంటి చెట్లను ఇదే పద్ధతిలో, అడవిని మడులుగా విభజించి, వంతులవారీగా నరికేవారు. ఆ కర్ర కంచెలకు, బొగ్గుకు, వంటచెరకుకు, పనిముట్ల పిడులకు పనికివచ్చేది. నరికిన మడిలో నాలుగైదేళ్ళకు మనిషి దూరలేనంత గుబురు పెరిగేది. నైటింగేల్‌కు కావలసింది సరిగ్గా అదే. పైన చిక్కటి కప్పు, లోపల నేల మీద తిరుగుతూ పురుగులను ఏరుకోవటానికి కొంత ఖాళీ. ఒక మడి ముదిరి పలుచబడే నాటికి పక్క మడి సిద్ధంగా ఉండేది.

ఇరవయ్యవ శతాబ్దంలో గనుల బొగ్గు, ఇనుప తీగ, ఆ పిమ్మట ప్లాస్టిక్కు వచ్చి ఆ కర్రకు గిరాకీ లేకుండా చేశాయి. కూలి గిట్టుబాటు కాలేదు. నరకటం ఆగింది. చెట్లు ఎత్తుగా పెరిగి నీడ కమ్మింది. నీడలో అడుగు పొద చచ్చిపోయింది. దూరం నుండి చూసేవారికి అడవి పచ్చగానే, మునుపటికంటె గంభీరంగానే ఉంటుంది. నైటింగేల్‌కు మాత్రం అది స్తంభాలు మిగిలి గోడలు కూలిన ఇల్లు. దీనికి తోడు రెండవ ప్రపంచయుద్ధం తరువాత పెద్ద యంత్రాలతో సేద్యం చేయటానికి పొలాల మధ్య ఉన్న జీవకంచెలను వేల మైళ్ళ మేర పెరికివేశారు.

రెండవ అనుమానం: జింకల మేత

పాత పద్ధతిలో నరకటాన్ని కొన్ని అడవులలో సంరక్షకులు తిరిగి ప్రారంభించారు. అయినా అనుకున్నంతగా పక్షులు రాలేదు. ఎందుకు రాలేదో సఫోక్ జిల్లాలోని బ్రాడ్‌ఫీల్డ్ అడవిలో చేసిన పరిశోధన చూపించింది. నరికిన మడులలో కొన్నింటికి జింకలు దూరకుండా కంచె వేశారు, కొన్నింటిని అలాగే వదిలారు. కంచె లోపలి గుబురులో నైటింగేళ్ళు బయటి భాగంలో కంటె అనేక రెట్లు అధికంగా స్థిరపడ్డాయి. కంచె వెలుపల లేత చిగుళ్ళను, అడుగు పొదను జింకలు ఎప్పటికప్పుడు మేసివేస్తుండటంతో గుబురు కట్టనే లేదు.

ఈ జింకలలో మంట్‌జాక్ అనే చిన్న జాతి చైనా నుండి వచ్చింది. ఇరవయ్యవ శతాబ్దపు ఆరంభంలో బెడ్‌ఫర్డ్ ప్రభువు తన వోబర్న్ ఉద్యానంలో అలంకారంగా పెంచిన జింకలు, అక్కడా ఇక్కడా తప్పించుకుని, వదిలిపెట్టబడి, దక్షిణ ఇంగ్లండు అంతటా వ్యాపించాయి. వాటిని వేటాడే తోడేళ్ళు ఆ దేశంలో ఏనాడో అంతరించాయి. ఒక సంపన్నుని వేడుక నూరేళ్ళ తరువాత ఒక పిట్ట గూటిని ఖాళీ చేయించగలదని ఆనాడు ఎవరూ తలచి ఉండరు. చెడు ఉద్దేశం లేకుండా కూడా నష్టం జరుగుతుంది. అందుకే సృష్టిలో ఒక ప్రాణిని ఒక చోటి నుండి మరొక చోటికి మార్చేటప్పుడు ఎంతో జాగ్రత్త వహించాలని నేడు శాస్త్రజ్ఞులు చెబుతున్నారు.

మూడవ అనుమానం: ఆఫ్రికా

ఇంతవరకు చెప్పినదంతా ఇంగ్లండు నేల మీది సంగతి. కానీ నైటింగేల్ ఏడాదిలో అక్కడ గడిపేది నాలుగు నెలలే. మిగిలిన కాలం ప్రయాణంలో, ఆఫ్రికాలో గడుస్తుంది. ఆ ఇంటి సంగతేమిటి?

ఈ ప్రశ్న గాలిలో పుట్టినది కాదు. 1969 వసంతంలో వైట్‌త్రోట్ అనే మరొక పాటల పక్షి ఆఫ్రికా నుండి బ్రిటనుకు రావలసిన సంఖ్యలో రాలేదు. నాలుగింట మూడు వంతులు మాయమయ్యాయి. బ్రిటనులో దానికి తగిన కారణం కనబడలేదు. చివరకు తేలినదేమంటే, అవి చలికాలం గడిపే సాహెల్ ప్రాంతం, అంటే సహారా ఎడారి దక్షిణపు అంచు, తీవ్రమైన అనావృష్టికి గురైంది. అక్కడ వాన కురవకపోతే ఇక్కడ పాట వినబడదని పక్షి శాస్త్రజ్ఞులు ఆ ఏడాది గ్రహించారు.

నైటింగేల్ సాహెల్‌కు కొంచెం దక్షిణాన, కాస్త తడి ఉన్న పొదల ప్రాంతంలో శీతాకాలం గడుపుతుంది. 2009 నుండి ఇంగ్లండు పరిశోధకులు దాని వీపున జియోలొకేటర్ అనే అతి చిన్న పరికరాన్ని అమర్చసాగారు. గ్రాము బరువైనా ఉండని ఆ పరికరం ప్రతిరోజూ సూర్యోదయ, సూర్యాస్తమయ వేళలను నమోదు చేస్తుంది. మరుసటి ఏడు ఆ పక్షిని తిరిగి పట్టుకుంటే, ఆ వేళలను బట్టి అది ఎక్కడెక్కడ ఉన్నదో లెక్కకట్టవచ్చు. ఇంగ్లండు నైటింగేళ్ళు ఫ్రాన్స్, స్పెయిన్, మొరాకోల మీదుగా సుమారు ఐదు వేల కిలోమీటర్లు ప్రయాణించి గాంబియా, సెనెగల్ దక్షిణ భాగం, గినియా-బిస్సావ్ పరిసరాలకు చేరుతున్నాయని ఆ విధంగా తెలిసింది. ఇతర దేశాల నైటింగేళ్ళు ఆఫ్రికాలో వేరే ప్రాంతాలకు వెళ్తాయి. అంటే ఇంగ్లండు పక్షుల శీతాకాలపు భవిష్యత్తు ఒక చిన్న మూలలో ఇమిడి ఉంది.

గాంబియా మన ఉమ్మడి జిల్లా ఒకటిరెండింటికి సరిపోయే చిన్న దేశం. అక్కడి కుటుంబాలు వంటకు కట్టెలు, బొగ్గు మీద ఆధారపడతాయి. జనాభా పెరుగుతున్న కొద్దీ పొదలు పొలాలవుతున్నాయి, కట్టెలవుతున్నాయి. ఆ పల్లెల స్త్రీలు పొయ్యి వెలిగించుకోవటాన్ని తప్పుపట్టే అధికారం, ఇంటింటా గ్యాసు ఉన్నవారికి గాని, తన గుబురులను తానే పోగొట్టుకున్న ఇంగ్లండుకు గాని లేదని మేము భావిస్తున్నాము. పక్షిని కాపాడాలంటే ఆ పల్లెలకు వేరే వంటచెరకు, చెట్లు పెంచుకునే తోడ్పాటు అందవలసి ఉంది. పేదవాని పొయ్యి ఆర్పి పిట్టను బ్రతికించటం న్యాయమూ కాదు, సాధ్యమూ కాదు.

మిగిలిన అనుమానాలు

వాతావరణ మార్పు పాత్ర ఇంకా పూర్తిగా తేలలేదు. మధ్య స్పెయిన్‌లో రెండు దశాబ్దాల పాటు నైటింగేళ్ళను కొలిచిన మాడ్రిడ్ శాస్త్రజ్ఞులు, శరీర పరిమాణంతో పోల్చితే వాటి రెక్కల సగటు పొడవు తగ్గుతున్నదని 2020లో ప్రకటించారు. అక్కడ వేసవి ఎండలు ముదిరి, పిల్లలను పెంచే కాలం కుదించుకుపోతోంది. దానికి తగినట్లు పక్షి మారుతుండగా, రెక్క పొట్టిదై దూరప్రయాణానికి తట్టుకునే శక్తి తగ్గుతోందేమోనని వారి సందేహం.

వేట సంగతి చెప్పాలంటే, మధ్యధరా సముద్ర తీర దేశాలలో అక్రమంగా పట్టే, చంపే పక్షులు ఏటా సుమారు రెండున్నర కోట్లు ఉంటాయని బర్డ్‌లైఫ్ ఇంటర్నేషనల్ 2015లో అంచనా వేసింది. ఇది ఘోరమే. అయితే ఇంగ్లండు నైటింగేల్ తగ్గుదలకు ఇదే ప్రధాన కారణమని చెప్పటానికి ఆధారం చాలదు. ఇళ్ళ నిర్మాణం కూడా ఒక కారణమే. కెంట్ జిల్లాలోని లాడ్జ్‌హిల్ అనే పాత సైనిక స్థలంలో ఐదు వేల ఇళ్ళ పట్టణం కట్టాలని తలపెట్టారు. 2012 సర్వేలో అది దేశంలోనే నైటింగేళ్ళు అత్యధికంగా ఉన్న చోట్లలో ఒకటని తేలింది. 2013లో ఆ భూమికి రక్షణ హోదా లభించింది. ఏళ్ళ తరబడి వివాదం నడిచిన తరువాత ఆ ప్రణాళిక దరఖాస్తును వెనక్కు తీసుకున్నారు.

ఇన్ని కారణాలలో దేనిని నమ్మాలి?

ఏదైనా కీడు జరిగినప్పుడు ఒకే దోషిని పట్టుకుని తక్కినవారందరినీ వదిలివేయటం మానవ స్వభావం. ఇక్కడ రెండు సాక్ష్యాలు రెండు వైపులా నిలబడి ఉన్నాయి.

మొదటి సాక్ష్యం పశ్చిమ ససెక్స్‌లోని నెప్ ఎస్టేటు. సుమారు 3,500 ఎకరాల ఆ భూమిలో సేద్యం నష్టాలు తేవటంతో యజమాని చార్లెస్ బరెల్ 2001 మొదలు దానిని క్రమంగా ప్రకృతికి వదిలివేశారు. జీవకంచెలు అడ్డదిడ్డంగా విస్తరించాయి. ముళ్ళపొదలు పొలాలలోకి దిగాయి. 1999లో అక్కడ తొమ్మిది నైటింగేళ్ళ స్థావరాలు ఉండగా 2012 నాటికి అవి 34 అయ్యాయి. జింకలు, పశువులు అక్కడ కూడా తిరుగుతున్నాయి. కానీ ముళ్ళు లేత చిగుళ్ళను కాపాడాయి. ఆ పక్షులు కూడా దేశంలోని తక్కిన వాటివలెనే ఆఫ్రికాకు వెళ్ళి వచ్చేవే. అయినా పెరిగాయి. అంటే ఇక్కడి ఇల్లు బాగుపడితే లాభం ఉంది.

రెండవ సాక్ష్యం బెర్లిన్. ఆ మహానగరంలో సుమారు 1,500 జంటల నైటింగేళ్ళు పార్కులలోను, రైలు పట్టాల పక్కన, కాలువ గట్ల మీద పిచ్చిగా పెరిగిన పొదలలోను గూళ్ళు కడుతున్నాయి. అక్కడి పార్కులలో పొదలను ఎడాపెడా కత్తిరించరు. ఆ నగరానికి ఇంతటి అదృష్టం పట్టటానికి అది ఒక కారణం. శీతాకాలానికి ఐరోపాలోని వేర్వేరు ప్రాంతాల నైటింగేళ్ళు ఆఫ్రికాలో వేర్వేరు ప్రాంతాలకు చేరుతాయన్నది రెండవ విషయం. ఈ రెండింటిలో దేని వాటా ఎంతో విడదీయటం సులభం కాదు.

కాబట్టి మా దృష్టిలో సరైన తీర్పు ఇది. రెండు ఇళ్ళు గల ప్రాణికి రెండు ఇళ్ళూ నిలబడాలి. వేసవి ఇంటిని బాగుచేయటం ఇంగ్లండు చేతిలో ఉన్న పని. కాబట్టి దానిని ముందుగా చేయాలి. ఆఫ్రికాలో ఏమి జరుగుతున్నదో పూర్తిగా తేలలేదన్న సాకుతో చేతిలో ఉన్న పనిని వాయిదా వేయటం సరికాదు. అలాగే ఇక్కడ కొన్ని పొదలు పెంచినంత మాత్రాన బాధ్యత తీరిందనుకోవటమూ సరికాదు.

మనమూ ఒక గాంబియానే

ఇప్పుడు మన సంగతికి వద్దాము. నైటింగేల్ మన దేశానికి రాదు, నిజమే. కానీ దాని ప్రజాతికే చెందిన దగ్గరి బంధువు ఒకటి ప్రతి శీతాకాలం మన ఊళ్ళకు వస్తుంది. దాని పేరు బ్లూత్రోట్. మగ పక్షి గొంతు మీద నీలి రంగు పట్టీ, దాని మధ్య తుప్పు రంగు చుక్క ఉంటుంది. ఉత్తర ఆసియా చల్లని ప్రాంతాలలో పిల్లలను పెంచి, చలి మొదలు కాగానే హిమాలయాల ఇవతలికి తరలివస్తుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో చెరువు అంచున జమ్ము, తుంగ పెరిగిన చోట, తడి పొలాల గట్ల వెంట, ఓపికగా కూర్చున్నవారికి కనిపిస్తుంది. మన వద్ద అది పెద్దగా పాడదు. పాటంతా తన వసంతపు దేశం కోసం దాచుకుంటుంది. దానితో పాటు గోధుమరంగు వార్బ్లర్లు మొదలుకొని జొన్న చేల మీద గుంపులుగా వాలే గులాబీ రంగు గోరువంకల వరకు ఎన్నో పాటల పక్షులు మన దగ్గర చలికాలం గడుపుతాయి.

అంటే ఎక్కడో ఒక సైబీరియా గ్రామానికి మనమే గాంబియా. అక్కడి పిల్లలు వచ్చే వసంతంలో ఆ పాట వింటారో లేదో, మన చెరువు శిఖం భూమిలోని జమ్ము గుబురు నిర్ణయిస్తుంది. ఆ గుబురును మనం ఏమి చేస్తున్నాము? చెరువు సుందరీకరణ పేరుతో చుట్టూ సిమెంటు కట్ట కట్టి, పచ్చిక పరిచి, దీపాలు పెడుతున్నాము. శిఖం భూమి ప్లాట్లుగా మారుతున్నది. పొలం గట్ల మీది తుప్పలను మందు కొట్టి మాడ్చివేస్తున్నాము. ఇంటి వెనుక నాలుగు మొక్కలు గుబురుగా పెరిగితే పాములు చేరతాయని భయపడి నేలంతా గచ్చు చేస్తున్నాము. పాముల భయం అసత్యం కాదు. చిన్న పిల్లలున్న ఇంటి వాకిట పొద ఉండకూడదు. కానీ శ్మశానాల ప్రహరీ వెంట, మదరసాల, పాఠశాలల పెద్ద ఆవరణల వెనుక మూలలో, చెరువుకు జనం వెళ్ళని ఒక వైపున, కొంత భాగాన్ని పిచ్చిగా పెరగనివ్వటానికి ఏ అభ్యంతరమూ లేదు.

‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ అనే నివేదిక 2023లో వెలువడింది. దీర్ఘకాలపు సమాచారం లభించిన 338 పక్షి జాతులను పరిశీలించగా, వాటిలో 60 శాతం తగ్గుముఖం పట్టినట్లు ఆ నివేదిక తేల్చింది. ఆ లెక్కకు మూలం ముప్పై వేల మందికి పైగా సామాన్య పౌరులు పంపిన పరిశీలనలు. వారిలో ఉద్యోగులు, విద్యార్థులు, గృహిణులు ఉన్నారు. ఇంగ్లండులో నైటింగేల్ తగ్గుదల తెలియటానికీ అటువంటివారి దశాబ్దాల ఓపికే కారణం. లెక్క ఉన్నచోటనే నష్టం బయటపడుతుంది. మన తాలూకాలలో ఎన్ని పక్షులు ఎవరికీ తెలియకుండా తగ్గిపోయాయో చెప్పగలవారు లేరు.

కుటుంబం చేయగల పని

ప్రతి ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు ‘గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్’ పేరుతో ప్రపంచవ్యాప్తంగా పక్షుల లెక్క జరుగుతుంది. మేడ మీద గాని, చెరువు గట్టున గాని పదిహేను నిమిషాలు నిలబడి, కనిపించిన పక్షుల పేర్లు, సంఖ్య రాసి, ఈబర్డ్ అనే ఉచిత యాప్ ద్వారా పంపితే చాలు. ఫజ్ర్ నమాజు ముగించుకుని వచ్చిన తండ్రి, బడికి సిద్ధమయ్యే ముందు పిల్లలు కలిసి చేయగల పని ఇది. కాకి, గోరువంక, పిచ్చుక, పిగిలిపిట్టలతో మొదలుపెట్టవచ్చు. గుర్తుపట్టినవే రాయాలి, ఊహించినవి రాయకూడదు అనే ఒక్క నియమం పిల్లలకు నిజాయితీ పాఠం కూడా అవుతుంది.

పంజరాల విషయం కూడా చెప్పక తప్పదు. పక్షులను పెంచటం మన పాత నగరపు ఇళ్ళలో ముచ్చటైన అలవాటు. కానీ రామచిలుక, మైనా, ఎర్ర మునియా మొదలైన మన అడవి పక్షులను పట్టటం, అమ్మటం, కొనటం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పందొమ్మిదవ శతాబ్దంలో లండన్ వీధులలోనూ పట్టి తెచ్చిన నైటింగేళ్ళను అమ్మేవారు. వాటిలో అనేకం పంజరంలో బ్రతకలేక చనిపోయేవి. వలస సమయం రాగానే రాత్రంతా రెక్కలు కొట్టుకునేవి. కొన్న ఒక్క పక్షి వెనుక, వలలోను, సంచిలోను చనిపోయిన మరికొన్ని ఉంటాయని పిల్లలకు చెబితే, వారు పంజరం కోసం మారాం చేయరు. పంజరానికి బదులుగా మట్టి మూకుడులో నీళ్ళు పెట్టి, రోజూ మార్చటం నేర్పవచ్చు.

పక్షుల మీద మనకు యాజమాన్యం లేదు. ఇవి సృష్టికర్త మన చేతిలో కొన్ని నెలల పాటు ఉంచే అమానతు. అక్టోబరులో వచ్చినవి ఏప్రిల్ నాటికి క్షేమంగా బయలుదేరాలి. ఈ శీతాకాలం మీ ఊరి చెరువు అంచున జమ్ము మిగిలి ఉందో లేదో ఒకసారి చూసి రండి. ఉంటే దానిని ఎవరు కొట్టివేయబోతున్నారో, ఎందుకో కనుక్కోండి. చెరువు పనుల గురించి గ్రామసభలోనో వార్డు సమావేశంలోనో చర్చ వచ్చినప్పుడు, ఒక వైపు గట్టును అలాగే వదలమని అడగండి. అడిగినవారు ఒక్కరైనా ఉన్నచోట ఆ గుబురు నిలిచే అవకాశం ఉంటుంది. మీరు చూసిన పక్షుల వివరాలు మాకు వ్రాసి పంపితే, ఇన్షా అల్లాహ్, రాబోయే సంచికలలో ఈ శీర్షికలోనే వాటిని ముచ్చటించుకుందాము.